మామ్మ పాక, అక్క పబ్బు

పబ్ అంటే మన హాస్టల్లో చాలామందికి గుర్తొచ్చేది హైదరాబాద్ పబ్బే. చీకటి, రంగు లైట్లు, చెవులు పగిలే పాటలు, గుమ్మంలోనే ఎంట్రీ ఫీజు. ఆ మాట పుట్టిన ఇంగ్లండులో దాని అర్థం వేరు. పబ్లిక్ హౌస్, అంటే పదిమందీ వచ్చి కూర్చునే ఇల్లు. పలికి పలికి పబ్ అయింది. మా పెదనాన్న కూతురు ఎం.ఎస్. చదవడానికి నాటింగ్‌హామ్ వెళ్ళాక ఈ సంగతి మా ఇంట్లో తెలిసింది. అందరికంటే ముందు మా మామ్మకి అర్థమైంది. ఎందుకంటే మా మామ్మ ఇరవై ఏళ్ళకి పైగా కల్లుపాక నడిపింది.

మాది రాజోలు దగ్గర కాలవగట్టు పక్కనున్న ఊరు. తాతయ్య చెట్టెక్కి కల్లు దింపేవాడు, మామ్మ పాకలో కూర్చుని అమ్మేది. ఫస్టియర్ మొదటి వారంలో ఒక్కొక్కళ్ళనీ లేపి ఇంట్లోవాళ్ళు ఏం చేస్తారని అడిగినప్పుడు ఇదే చెప్పాను. నాన్న రొయ్యల చెరువు దగ్గర సూపర్‌వైజర్, తాతయ్య కల్లు గీసేవాడు అని. వెనక బెంచీల్లో నవ్వులు. ఆ నవ్విన వాళ్ళలోనే ఒకడు, నెల తిరక్కుండా, వాళ్ళ బావ గచ్చిబౌలి పబ్‌లో గ్లాసు పట్టుకున్న ఫొటో అందరికీ గొప్పగా చూపించాడు. అప్పుడు ఎవరూ నవ్వలేదు. తాగడం మంచా చెడా అన్నది కాసేపు పక్కన పెట్టండి. తాగే చోటుకి గౌరవం ఎక్కణ్ణుంచి వస్తుంది? నాకప్పుడు పట్టుకున్న ప్రశ్న అది.

అక్క మొదట వెళ్ళిన పబ్ పేరు 'యీ ఓల్డ్ ట్రిప్ టు జెరూసలేం'. నాటింగ్‌హామ్ కోట ఉన్న కొండని ఆనుకునే ఉంటుంది. కొన్ని గదులు ఇసుకరాయిని తొలిచిన గుహలే. గోడ మీద 1189 అని పెద్దక్షరాలతో రాసుకున్నారు. భవనం అంత పాతది కాదని చరిత్ర తెలిసినవాళ్ళు అంటారు. ల్యాబ్‌లో వాళ్ళందరూ ఆదివారం భోజనానికి వెళ్తుంటే అక్కా వెళ్ళింది. ఆ రాత్రి వీడియో కాల్‌లో మామ్మకి అంతా పూసగుచ్చినట్టు చెప్పింది.

వెయిటరు రాడు. కౌంటర్ దగ్గరకి మనమే వెళ్ళి చెప్పుకోవాలి. క్యూ కనపడదు గానీ ఎవరి వంతు ఎప్పుడో కౌంటర్ వెనకాలావిడకి తెలుసు. నలుగురు కలిసి వెళ్తే ఒక్కొక్కరు ఒక్కో విడత అందరికీ కొంటారు, దాన్ని రౌండ్ అంటారు. కొలత పైంటు, అంటే 568 మిల్లీలీటర్లు. పక్క బల్ల దగ్గర ఓ ముసలావిడ, కూతురు, మనవరాలు కూర్చుని భోంచేస్తున్నారట. ఒకాయన కాళ్ళ దగ్గర కుక్క పడుకుని ఉందట. అక్క మందు తాగదు. లైమ్ సోడా పట్టుకుని మూడు గంటలు కూర్చుంటే ఎవరూ ఏమీ అనలేదట.

"మన దగ్గరా అంతేనే," అంది మామ్మ. "ఇవాళ వీడు పోయిస్తే రేపు వాడు పోయించాలి. తన వంతు వచ్చేసరికి చుట్ట కాల్చుకునే వంకతో బయటికెళ్ళేవాళ్ళ పేర్లు ఇప్పటికీ చెప్పగలను."

తర్వాత అడిగింది, నంజుకోడానికి ఏం పెడతారని. అక్క మెనూ చదివింది. పిండిలో ముంచి వేయించిన సముద్రపు చేప, లావుపాటి బంగాళాదుంప ముక్కలు, మెదిపిన బఠాణీలు. బీరు పోసి ఉడికించిన మాంసం పెట్టిన పై. ఆదివారమైతే కాల్చిన మాంసం, దుంపలు, యార్క్‌షైర్ పుడ్డింగ్, మీద గ్రేవీ. ఇంకొకటుంది, ప్లౌమన్స్ లంచ్, అంటే దుక్కి దున్నేవాడి భోజనం. రొట్టె, చీజ్ ముక్క, ఉల్లిపాయ, పచ్చడి. రైతుల తిండి పాతదే గానీ, ఆ పేరుని 1950ల తర్వాత చీజ్ అమ్ముకునేవాళ్ళే బాగా ప్రచారం చేశారట.

మామ్మ పగలబడి నవ్వింది. "చద్దన్నం, ఉల్లిపాయ, మాగాయ టెంక. దానికింత పేరా!"

మామ్మ పాకలో మెనూ కార్డు లేదు. పొయ్యి మీద మూకుడు ఉండేది. శనగ గుగ్గిళ్ళు, కారం దట్టించి వేయించిన ఎండు మెత్తళ్ళు, ఉడకబెట్టిన గుడ్లు, ఎప్పుడైనా కాలవ చేపల ఇగురు. తాటాకు డొప్పలో కల్లు. "ఉప్పు తగిలితేనే రెండో డొప్ప" అనేది మామ్మ బిజినెస్ సూత్రం. పబ్బుల్లో చిప్స్, వేరుశనగపప్పు, ఉప్పు చల్లిన పంది తోలు వేపుడు ఎందుకు అమ్ముతారో ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు.

నేను చదివేది కెమికల్ ఇంజనీరింగ్ కాబట్టి నాకు నచ్చిన పోలిక ఇంకొకటుంది. పాతకాలపు పబ్బులో అసలు సరుకు సీసాలో ఉండదు. నేలమాళిగలో పీపాలో ఉంటుంది, కౌంటర్ మీది చేతి పంపుతో పైకి లాగుతారు. కాస్క్ ఏల్ అంటారు. పీపాలో ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. అందుకే నేలమాళిగని 11 నుంచి 13 డిగ్రీల మధ్య ఉంచాలి, పీపా తెరిచాక మూడు నాలుగు రోజుల్లో ఖాళీ చెయ్యాలి. ఫ్యాక్టరీ బీరు దెబ్బకి ఇది పోయేలా ఉందని 1971లో కొందరు కామ్రా అనే సంఘం పెట్టి దాన్ని నిలబెట్టుకున్నారు.

మన కల్లూ బతికున్న సరుకే. చలికాలంలో ఈత కల్లు, ఎండలు ముదిరేసరికి తాటి కల్లు. తాతయ్య నడుముకి మోకు, కాళ్ళకి బంధం వేసుకుని పొద్దున, సాయంత్రం చెట్టెక్కి, పూగెల చివర పల్చగా చెక్కి లొట్టి కట్టేవాడు. కత్తి కొంచెం లోతుగా దిగితే గెల పాడైపోతుంది, మరీ పైపైన చెక్కితే చుక్క రాదు. లొట్టి లోపల సున్నం పూస్తే రసం పులవదు, అది నీరా, కాస్తే తాటిబెల్లం. సున్నం లేకపోతే గాలిలోని, లొట్టిలోని ఈస్ట్ వెంటనే పని మొదలుపెడుతుంది. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మర్నాటికి పుల్లబడి వెనిగర్ దారి పడుతుంది. ఆల్కహాల్ కూడా ఏల్‌కి ఇంచుమించు సమానమే, 4 నుంచి 6 శాతం. నేలమాళిగ లేదు, థర్మామీటర్ లేదు. లొట్టి దగ్గర చెవి పెట్టి, నురగ చప్పుడు విని మామ్మ టైము చెప్పేది.

అయితే పాకకి అసలు బలం కల్లు కాదు, మామ్మే. ఎవరికి కూలి ఎంతొచ్చిందో, ఎవరింట్లో పిల్లకి జ్వరమో ఆవిడకి తెలుసు. మూడో డొప్ప అడిగినవాణ్ణి ఓసారి ఎగాదిగా చూసి, "చాల్లే, ఇంటికెళ్ళు, మీ ఆవిడ ఎదురుచూస్తోంది" అనేది. వాడు గొణుక్కుంటూ లేచేవాడు. ఊరివాళ్ళంతా అత్తా, వదినా అని పిలిచే మనిషి మాట దాటడం కష్టం కదా. ఇంగ్లండులో తూలుతున్నవాడికి పోస్తే 2003 లైసెన్సింగ్ చట్టం ప్రకారం నేరం. మామ్మకి ఏ చట్టమూ చెప్పలేదు.

ఇదంతా బంగారు కాలమని చెప్పడం నా ఉద్దేశం కాదు. పాకలో అప్పులు పెరిగిన ఇళ్ళున్నాయి. ఇరవై ఏళ్ళు పాక నడిపిన మామ్మ ఒక్కరోజు కూడా ఆ బల్ల మీద కూర్చుని తినలేదు. పోసేది ఆడది, కూర్చునేది మగాడు. అక్క పబ్‌లో మూడు తరాల ఆడవాళ్ళు ఒక బల్ల దగ్గర కూర్చున్నారన్న మాట మామ్మ రెండుసార్లు అడిగి చెప్పించుకుంది.

పోసేవాడికీ తాగేవాడికీ పరిచయం తెగినప్పుడల్లా గొడవే. 1879లో మన గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు లేవడానికి కల్లు మీద పన్ను ఒక పెద్ద కారణం. చిగురుపన్ను అనేవారు. కొండవాళ్ళు తమ చెట్టు కల్లు తాము తాగడానికి కూడా ఆంక్షలు పెట్టి, హక్కుల్ని గుత్తేదార్లకి కట్టబెట్టింది పబ్బుల దేశం నుంచి వచ్చిన సర్కారే. తర్వాత్తర్వాత ఊళ్ళలోకి సారా వచ్చింది. మామ్మ తమ్ముడు దానికే పోయాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్ల మీద తిరగబడితే, 1993లో సారా నిషేధం వచ్చింది. "వాళ్ళు చేసింది రైటే" అంటుంది మామ్మ, కల్లు అమ్ముకున్న మనిషే.

ఇప్పుడు మామ్మ పాక లేదు. గట్టు మీద తాళ్ళు కొన్ని చెరువులకి పోయాయి, కొన్ని రోడ్డుకి పోయాయి. ఊళ్ళో చెట్టెక్కేవాడు ఒక్కడే మిగిలాడు, ఆయనకీ యాభై దాటాయి. నువ్వు ఇంకో తాడిచెట్టు నీడన బతక్కూడదనే చదివిస్తున్నానని నాన్న అంటాడు. పడి నడుములు విరిగినవాళ్ళని చూసిన మనిషి, కాదనలేను. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధన స్థానంలో తాటి మీద, నీరా మీద పని జరుగుతోంది. నా మినీ ప్రాజెక్టుకి అక్కడికి వెళ్ళాలని ఉంది. మనిషి ప్రాణం పణంగా పెట్టకుండా ఆ చెట్టు మీద ఆధారపడే దారి ఉందేమో చూడాలని.

2025లో వైన్ షాపుల్లో 10 శాతం గీత కులాలకి కేటాయించి లాటరీ తీసినప్పుడు, మనమూ వేద్దామా అని పెదనాన్న అడిగాడు. మామ్మ ఒప్పుకోలేదు. "మూతేసిన సీసా చేతికిచ్చి పంపితే వాడెంత తాగాడో, ఎక్కడ పడ్డాడో నాకెలా తెలుస్తుంది?" అంది. నా ప్రశ్నకి నాకు దొరికిన జవాబు ఇదే. గౌరవం గ్లాసులోంచి రాదు, లైట్లలోంచి రాదు. పోసేవాళ్ళ కంటిచూపులోంచి వస్తుంది.

ఎండాకాలానికి అక్క వస్తోంది. పక్క ఊళ్ళో మిగిలిన పాకకి మామ్మని తీసుకెళ్ళి, ముగ్గురం బల్ల మీద కూర్చుని ఇగురు తిందామని అనుకున్నాం. జనం ఏమనుకుంటారో అని మామ్మ రెండు రోజులు ఆలోచించింది. మూడోరోజు ఫోన్ చేసింది.

"సరే, వస్తాను. మెత్తళ్ళు మాత్రం ఇంటినుంచే వేయించి తెస్తాను. వాళ్ళకి కారం తెలీదు."