చెప్పవలసినది, చెప్పరానిది

రహస్యమును నిలుపుట సజ్జనలక్షణమని చిన్ననాటినుండి వింటిని. పిల్లలకును అదియే బోధించితిని. ఆ ధర్మమునకును హద్దు గలదని ఒక బాలికవలన నేర్చికొంటిని. అందులకు మూల్యము చెల్లించినది మాత్రము నేను గాను, ఆ బాలికయే.

కొన్నియేండ్ల క్రిందట మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచుండిన యొక పిల్ల, పద్యము నప్పగించుటలో నెన్నడును తడబడనిది, నెలదినములుగా పుస్తకము తెరవకుండెను. ఒకనాడు బడి విడిచిన పిదప కారణ మడిగితిని. “మాస్టారూ, వేసవి సెలవులలో నాకు పెండ్లి చేయుదురట. ఎవ్వరితోను చెప్పకండి” అని కన్నీరు పెట్టుకొనెను. చెప్పనని మాట యిచ్చితిని. అది నేనీయరాని మాట.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు మనోభారము దించుకొనుటకై ఉపాధ్యాయుల గదిలో ఒక మిత్రునితో చెప్పితిని. ఆయన దయగలవాడే, ఆ దయచేతనే మరి యిద్దరితో చెప్పెను. వారిలో నొకరు తలిదండ్రుల వాట్సాప్ బృందములో, పేరు వ్రాయక తరగతిని మాత్రము వ్రాసి, ఇట్టి ఘోరము జరుగనున్నదని ప్రకటించిరి. చిన్నయూరిలో తరగతి తెలిసిన పిదప పేరేల? సాయంకాలమునకే సంగతి తండ్రి చెవిని బడెను. పిల్ల బడికి రాలేదు. వేసవిదాక ఆగక ఆ పక్షములోనే ముహూర్తము పెట్టుకొనిరి.

అప్పుడు మా ప్రధానోపాధ్యాయురాలు నన్ను పిలిచి, “ఇందరితో చెప్పితిరి గదా, చెప్పవలసినవారితో చెప్పితిరా?” అని యడిగిరి. నాకు నోట మాట రాలేదు. ఆమె తలుపు మూసి, ఆపదలోనున్న పిల్లలకొరకు ఏర్పడిన 1098 సంఖ్యకు ఫోను చేసిరి. పిల్ల పేరు, వయస్సు, చిరునామా, ముహూర్తదినము: ఇంతియే చెప్పిరి. ఆ కుటుంబపు టప్పులను గూర్చియు, తగవులను గూర్చియు మేము గదిలో చెప్పుకొనిన మాటలలో నొక్కటియు ఆమె నోట వెలువడలేదు. అధికారులు వచ్చి, 2006 నాటి బాల్యవివాహ నిషేధచట్టమును తలిదండ్రులకు తెలియజెప్పి పెండ్లి నాపించిరి. కాని వీథిలోని చూపులకు తాళలేక ఆ పిల్ల మరియొక యూరి వసతిపాఠశాలకు పోయెను. పెండ్లి నాపినది ఆమె మాట. ఊరు విడిపించినది నా మాట.

పిల్లలపై లైంగికాపరాధము జరిగెనని తెలిసియు పోలీసులకు తెలుపకుండుట 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము నేరము. రక్షణ కోరు పిల్లల పేరు, చిరునామా, పాఠశాల మొదలగు ఆనవాళ్లను పత్రికలలోను ప్రచారసాధనములలోను వెల్లడించుట 2015 నాటి బాలన్యాయచట్టము 74వ సెక్షను ప్రకారము నేరము. ఒకటి తగని మౌనమును, వేరొకటి తగని వాచాలతను దండించును. చట్టము మాట యటుండ, మనస్సాక్షి యెదుట నేనీ రెండు దోషములును చేసినవాడను.

సాత్త్వికదానమునకు దేశమును, కాలమును, పాత్రమును చూడవలెనని గీత బోధించుచున్నది. పిల్లలను గూర్చిన మాటయు నట్టిదే. కాపాడగలవానికి, కాపాడుటకు వలసినంత మేరకు, ఆలస్యము లేకుండ చెప్పినచో నది రక్ష. వినువారి వేడుకకై చెప్పినచో, ఎంత జాలితో చెప్పినను నది ద్రోహము. మన యిండ్లలో బిడ్డ జబ్బును, తప్పిన పరీక్షను, బడిపేరు కనబడు ఛాయాచిత్రమును పదుగురి ముందుంచుటకు పూర్వము, ఇది ఎవరి మేలుకొరకని గృహస్థులు ఒక్కసారి తమ్ము తామే ప్రశ్నించుకొందురు గాక.

నేడు పిల్లలెవరైన “ఎవరితోను చెప్పకండి” అని నాతో ననినచో, ఆ మాట యీయను. “నాయనా, నీకు కీడు కలుగునట్లున్నచో సాయపడగలవారితో తప్పక చెప్పుదును. ఎవరితో చెప్పుదునో ముందు నీకే చెప్పుదును” అందును. కొందరు వెనుదిరిగి పోవుదురని భయపడితిని. ఇంతవరకు ఒక్కరును పోలేదు.