నాన్న కారుకి కొత్త చక్రాలు

ఇక్కడ ఇన్నాళ్ళూ పెళ్ళిళ్ళ గురించీ, ఆవకాయ గురించీ, తాతయ్య నెల్లూరు నుంచి టి. నగర్ వచ్చి స్థిరపడిన కథ గురించీ రాశాం. ఈసారి కారు సంగతి. దీన్నీ ఇంటి చరిత్ర కిందే లెక్కేసుకోండి.

మా ఇంట్లో ఒక ఫోర్డ్ ఐకాన్ ఉంది, 1.6 పెట్రోలు. మేము బెంగళూరు వదిలి చెన్నైకి తిరిగొచ్చిన 2004లో నాన్న కొన్నారు. ఐకాన్ 1999లో వచ్చింది, మన చెన్నై పక్కన మరైమలై నగర్‌లోనే తయారైంది. ఆ రోజుల్లో 'జోష్ మెషిన్' అని ప్రకటనలు వచ్చేవి. మామూలు కుటుంబం కొనగలిగిన కార్లలో తొక్కితే దూకే కారు అది. నాన్నకి కార్లంటే ముందునుంచీ పిచ్చి. కుర్రతనంలో షోళవరం పాత విమానాల రన్‌వే మీద జరిగే రేసులకి వెళ్ళేవారట. ఇప్పుడు ఆయనకి డెబ్భై నాలుగు. ఇవాళ్టికీ స్టీరింగ్ ఎవరికీ ఇవ్వరు.

2023 నవంబర్‌లో నెల్లూరు నుంచి వస్తున్నాం. తడ దాటాక వాన. ముందు లారీ బ్రేకు వేసింది, నాన్న కూడా వేశారు. కారు ఆగలేదు, జారింది. తిన్నగా జారలేదు, పక్కకి తిరిగి జారింది. లారీకి రెండు మూరల దూరంలో ఆగాం. ఎవరికీ ఏమీ కాలేదు. ముందు సీట్లో ఉన్న అమ్మ ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. గుమ్మం దగ్గర మాత్రం, "నేనింక ఈ కారెక్కను" అంది.

తమ్ముడు పుదుపేటలో తుక్కుకి ఇచ్చేద్దామన్నాడు. నాన్న, "కారు తప్పేం లేదు" అన్నారు. టైర్లు చూస్తే నిజంగానే బాగున్నాయి. గాడులు లోతుగా ఉన్నాయి, ఎక్కడా చిరగలేదు. మరి ఎందుకు జారింది?

జవాబు నాన్న నోట్‌బుక్కులో దొరికింది. కారు కొన్న రోజు నుంచీ ప్రతి ఖర్చూ ఆయన తెలుగులో రాసి పెట్టారు. మా చదువంతా కన్నడ మాధ్యమం. లిపి దగ్గరది కాబట్టి చదవగలం, కానీ నెమ్మదిగా, తలకట్టు తలకట్టూ చూసుకుంటూ. 2015 డిసెంబర్ వరద తగ్గాక నాలుగు టైర్లూ మార్చినట్టు అందులో ఉంది. టైరు పక్కన ఉండే నాలుగంకెల గుర్తు కూడా 4615 అంటోంది. అంటే 2015లో 46వ వారం తయారీ. ఎనిమిదేళ్ళు వీధిలో ఎండకి నిలబడి రబ్బరు గట్టిపడిపోయింది. గట్టిపడ్డ రబ్బరు తడి రోడ్డుని పట్టుకోదు. నాన్న ఎక్కువ తిరగరు కాబట్టి గాడులు అరగలేదు, అంతే. మనవాళ్ళ ఇళ్ళల్లో వారానికి ఒకసారి గుడికి వెళ్ళే కార్లు చాలా ఉన్నాయి. వాటన్నిటి సంగతీ ఇదే. గాడి చూసి మోసపోకండి, తేదీ చూడండి.

టైర్లు విప్పితే ఇంకో సంగతి బయటపడింది. రెండు రిమ్ములు గుంతల్లో పడి వంకరపోయాయి. అలాంటి రిమ్ములు కొత్తవి ఎక్కడా దొరకలేదు. ఇండియాలో కార్ల తయారీ ఆపేస్తున్నామని ఫోర్డ్ 2021లోనే చెప్పేసింది కదా. ఇక బయటి రిమ్ములే గతి.

అక్క కొడుకు వెంటనే పదిహేడు అంగుళాలవి చూపించాడు. ఫోటోలో బ్రహ్మాండంగా ఉన్నాయి. మాకు ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ఏదైనా లెక్క చూడనిదే నమ్మే అలవాటు లేదు. కాగితం తీశాం. మా కారుకి కంపెనీ ఇచ్చిన టైరు 175/65 ఆర్14. 175 వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అందులో ఎంత శాతం టైరు గోడ ఎత్తో చెప్పే అంకె, 14 రిమ్ము అంగుళాలు. మొత్తం ఎత్తు 583 మిల్లీమీటర్లు వస్తుంది. వాడు చెప్పిన 205/40 ఆర్17 ఎత్తు 596. మీటరు 100 చూపిస్తే బండి 102 మీద పోతుంది. అది పెద్ద బాధ కాదు. టైరు గోడ 114 నుంచి 82కి పడిపోతుంది, అసలు బాధ అది. టి. నగర్ గుంతల్లో ఆ గోడే రిమ్ముకి దిండు. 185/55 ఆర్15 అయితే ఎత్తు 584.5, గోడ 102. బరువు అంకె 82 ఉన్నది తీసుకుంటే టైరుకి 475 కిలోలు మోస్తుంది. వాడు కొంచెం మూతి ముడుచుకున్నాడు కానీ, లెక్కకి ఎదురు చెప్పలేదు.

మౌంట్ రోడ్డు పక్కన జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కారు సామాన్ల కొట్లు వరసగా ఉంటాయి. అక్కడ అసలు పరీక్ష మొదలైంది. ఐకాన్‌కి నాలుగు బోల్టులు, వాటి మధ్యగా గీసిన వలయం 108 మిల్లీమీటర్లు. బజారులో ఎక్కడ చూసినా 100వే, ఎందుకంటే చిన్న మారుతీలూ హ్యుందాయ్‌లూ వాడేవి అవే. ఒక కొట్టులో, "ఎనిమిది మిల్లీమీటర్లే కదా సార్, రంధ్రం కాస్త సాగదీస్తే కూర్చుంటుంది" అన్నారు. ప్రతి బోల్టూ నాలుగు మిల్లీమీటర్లు పక్కకి పోతుంది. నట్టు తన గుంతలో కూర్చోదు. కూర్చోని నట్టు ఏదో ఒకరోజు వదులవుతుంది. నమస్కారం పెట్టి వచ్చేశాం. నాలుగో కొట్టులో 108కి సరిగ్గా రంధ్రాలున్న పదిహేను అంగుళాల రిమ్ములు దొరికాయి.

ఆఫ్‌సెట్ అని ఇంకో అంకె ఉంటుంది. రిమ్ము వెడల్పుకి నడిమి గీత నుంచి హబ్‌కి ఆనే ముఖం ఎంత దూరంలో ఉందో అది చెబుతుంది. అంకె తగ్గితే చక్రం బయటికి వస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది. పాత రిమ్ము వెనక ఉన్న అంకెకి దగ్గరగా ఉన్నదే ఏరుకున్నాం. తయారీదారు చెప్పినదానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా అంటుంది. ఇరవై ఏళ్ళు నిండి రిజిస్ట్రేషన్ మళ్ళీ పొడిగించుకోవాల్సిన బండికి లేనిపోని తంటా ఎందుకు?

బిగించి ఇంటికి తెచ్చాం. టైరు భుజాలకి సుద్ద రాసి, నలుగురం ఎక్కి, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేసి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, వీధి స్పీడ్‌బ్రేకర్ మీద పోనిచ్చాం. లోపల ఎక్కడా సుద్ద అంటలేదు. సంబరపడ్డాం. మర్నాడు హైవే మీద ఎనభై దాటగానే స్టీరింగ్ వణికింది.

నాన్న ముఖం చిన్నబోయింది. బ్యాలెన్సింగ్ మళ్ళీ చేయించాం, తగ్గలేదు. చివరికి దొరికింది: ఐకాన్ హబ్ 63.4 మిల్లీమీటర్లు, కొత్త రిమ్ము నడిమి రంధ్రం 73.1. బయటి రిమ్ములు అన్ని కార్లకీ పట్టాలని రంధ్రం పెద్దదిగా చేస్తారు. మధ్యలో ఉంగరం లాంటి రింగు వేయాలి. అది వేయకుండా బిగించారు. చక్రం బోల్టుల మీదే వేలాడుతూ వెంట్రుకవాసి పక్కకి కూర్చుంది. నాలుగు రింగులు వేయించాం, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ బిగించాం. వణుకు పోయింది.

సంక్రాంతికి నెల్లూరు బయల్దేరాం. అమ్మ వెనక సీట్లో కూర్చుంది, చేతిసంచీ ఒళ్ళో గట్టిగా పట్టుకుని. రెడ్ హిల్స్ దాటాక నాన్న అలవాటుగా, "అదిగో షోళవరం" అని చెయ్యి చూపించారు. అమ్మ అటు చూడలేదు.

"ఎంత మీద పోతున్నాం?" అని అడిగింది.

"ఎనభై అయిదు."

కాసేపు ఊరుకుంది. "వణకడం లేదే" అంది. సూళ్ళూరుపేటలో కాఫీకి ఆగి బయల్దేరేటప్పుడు ముందు తలుపు తీసి కూర్చుంది. ఎవరం ఏమీ అనలేదు.

తిరిగొచ్చాక నోట్‌బుక్కులో కొత్త టైర్ల కొలత, తయారీ వారం, రింగుల కొలత అన్నీ రాశాం. ఈసారి రాసింది మేము. రెండుచోట్ల తలకట్టు కన్నడంలా పెట్టామని నాన్న ఎర్ర పెన్నుతో దిద్దారు.