మీటరు చెప్పిన నిజం



మన కంప్యూటర్ గదిలో గోడవారగా నాలుగు పాత కంప్యూటర్లు ఉన్న సంగతి మీకు తెలుసు. 1990లలో ఆఫీసుల్లో కంప్యూటర్లను ఎలా కలిపేవారో చూపించడానికి సార్ వాటిని ఒకే నల్ల కేబుల్‌తో వరసగా కలిపారు. అలాంటి కేబుల్ 185 మీటర్ల దాకా వేసుకోవచ్చు. ప్రతి కంప్యూటర్ వెనక ఇంగ్లీషు ‘టి’ అక్షరం లాంటి జాయింటు ఉంటుంది. రెండు చివర్లా రెండు చిన్న మూతలుంటాయి. వాటిని టెర్మినేటర్లు అంటారు. ఒక్కోదాని లోపల 50 ఓంల నిరోధం ఉంటుంది. మూత లేకపోతే, కొండకేసి అరిస్తే మన కేక మనకే తిరిగొచ్చినట్టు, సిగ్నల్ చివరిదాకా పోయి వెనక్కి వస్తుంది. అప్పుడు ఒక్కటి కాదు, నాలుగు కంప్యూటర్లూ మూగబోతాయి.

మొన్న సోమవారం అలాగే అయింది. ముందురోజు ఆఖర్న కూర్చున్నది నా పక్క మంచం మిత్రుడు. "వీడే వైరు లాగేసి ఉంటాడు" అని అందరూ అన్నారు. వాడు రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

మర్నాడు సార్ మల్టీమీటరు తెచ్చారు. కంప్యూటర్లన్నీ ఆపించి, మధ్యలో ఒక జాయింటు ఊడదీసి, ఒక పుల్ల నడిమి సూదికి, ఇంకొకటి బయటి లోహానికి ఆనించమన్నారు. "రెండు 50లు సమాంతరంగా ఉంటే ఎంతరా?" అని అడిగారు. పదో తరగతి లెక్కే కదా, "25 సార్" అన్నాను. మీటరు మాత్రం 50 చూపించింది. "సున్నా వస్తే లోపల తీగలు అంటుకున్నట్టు. 50 వచ్చిందంటే ఒకవైపు మూత అందడం లేదు. కేబుల్ అయినా తెగాలి, మూత అయినా పోవాలి" అన్నారు సార్.

నా గుండె దడదడలాడింది. ఆదివారం గది ఊడుస్తుంటే బెంచీ వెనక చీపురు దేనికో తట్టుకుంది. మెరిసే చిన్న మూత ఒకటి కింద పడింది. బాగుందని తీసుకెళ్ళి నా ట్రంకుపెట్టెలో దాచుకున్నాను. మీటరు 50 అని చెప్పింది గానీ నా పేరు చెప్పలేదు. అది నేనే చెప్పాలి.

పరుగెత్తి తెచ్చి సార్ చేతిలో పెట్టాను. బిగించాక మళ్ళీ కొలిస్తే 25 వచ్చింది. కంప్యూటర్లు పనిచేశాయి. సార్ తిట్టలేదు. మిత్రుడు మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అందులో వాడి తప్పేమీ లేదు.

మిత్రులారా, ఒకరి మీద నింద వేసే ముందు కొలిచి చూద్దాం.

ఇట్లు
మీ 10వ తరగతి మిత్రుడు