నూన్ కూర్చోలేదు బేటా

నలభై ఆరేళ్ల వయసులో మళ్లీ తాలిబె ఇల్మ్‌నయ్యాను. ఆదివారం పొద్దున పదింటికి సంచీలో లాప్‌టాప్ వేసుకుని డిజైన్ క్లాసుకు పోతున్నా. క్లాసులో అందరూ నా కొడుకు ఈడువాళ్లే. పాఠం చెప్పే మేడమ్‌కు ముప్పై కూడా నిండి ఉండవు. ఆమె నన్ను సార్ అంటుంది, నేను ఆమెను మేడమ్ అంటాను. మొదటిరోజు వాచ్‌మన్ నన్ను ఎవరో పిల్లాడి తండ్రి అనుకుని బయట కుర్చీలో కూర్చోబెట్టాడు.

షౌక్‌తో చేరలేదు, మజ్బూరీతో చేరాను. ఇరవై ఏళ్లకు పైగా తెలుగు పత్రికల డెస్కుల మీద పనిచేశా. వార్త దిద్దడం, హెడ్డింగ్ పెట్టడం, అంతవరకే నా పని. పేజీ పెట్టడానికి వేరే మనిషి ఉండేవాడు. ఇప్పుడు దిద్దినవాడే పేజీ పెట్టాలి, ఫోన్లో చదివేవాళ్లకు బొమ్మ కార్డులూ చేయాలి. రాకపోతే ఏమవుతుందో ఎవరూ నోటితో చెప్పరు. నాకు మాత్రం తొందరగానే సమఝైంది. ఈ ఖిస్సా మా ఇంట్లో ఒకసారి జరిగిందే.

మా అబ్బా కాతిబ్. హైదరాబాద్‌లో ఒక ఉర్దూ అఖ్బార్‌లో కితాబత్ చేసేవారు. మేం నల్గొండలో, ఆయన పాతబస్తీలో ఒక గదిలో. జుమేరాత్ సాయంత్రం బస్సు దిగి వచ్చేవారు, జుమా నమాజ్ చదివి, మర్నాడు పొద్దున్నే వెళ్లిపోయేవారు. కుడిచేతి వేళ్లకు ఎప్పుడూ రోష్నాయి మరక. ఎంత సబ్బు పెట్టి కడిగినా పోయేది కాదు. అన్నం కలిపి ముద్ద పెడితే ఆ నల్లటి వేళ్లు చూసి మా అక్క నవ్వేది.

నస్తాలీఖ్ రాత విడి సీసపు అక్షరాలకు లొంగేది కాదు. ఒక హర్ఫ్ పక్కన ఏ హర్ఫ్ వస్తే దాన్నిబట్టి రూపు మారుతుంది. మాట కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి జారుతూ పోతుంది. అందుకే మిగతా జబాన్లు టైపు సెట్ చేసుకుంటుంటే ఉర్దూ అఖ్బార్లు ఏళ్లకేళ్లు చేత్తోనే రాయించాయి. ఖబర్లు, ఇష్తెహార్లు, ఇంతెఖాల్ కబుర్లు, అన్నీ కాతిబ్‌ల ఖలం నుంచే.

1981లో పాకిస్తాన్‌లో నూరీ నస్తాలీఖ్ కంప్యూటర్‌లోకి వచ్చింది. 1994లో ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. 1996 నాటికి మా అబ్బా సామాను సర్దుకుని నల్గొండ వచ్చేశారు. ఎవరూ గెంటలేదు. "ఇక మీరు ఆరామ్ చేయండి మౌలానా" అన్నారట. యాభై ఏళ్లు కూడా లేని మనిషికి ఏం ఆరామ్?

ఇంటికొచ్చాక దుకాణాల బోర్డులు రాయడం మొదలుపెట్టారు. బోర్డు మీద తెలుగు ఉండాలి. అబ్బాకు తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. పదో తరగతి దాకా నాదీ ఉర్దూ మీడియమే అయినా, అప్పటికి నాకు తెలుగు కాస్త పట్టుబడింది. నేను సుద్దముక్కతో తెలుగు రాసేవాణ్ని, ఆయన దాని మీద రంగు దిద్దేవారు. "శ్రీ వేంకటేశ్వర కిరాణం", "న్యూ బిస్మిల్లా టీ స్టాల్", రెండూ మా చేతివే. ఒకసారి "సైకిల్" అనే మాటకు నేను ఏత్వం పెడితే, అబ్బా అదే నిష్ఠగా రంగు వేసేశారు. దుకాణాయన డబ్బులు కోసుకున్నాడు. ఆ షర్మిందగీతోనే నేను తెలుగు సరిగ్గా నేర్చుకోవాలనుకున్నా. డిగ్రీలో తెలుగు తీసుకున్నానంటే అదొక వజహ్.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఇల్లస్ట్రేటర్ తెరిచిన మొదటి రోజే నా రెండు జబాన్లూ నా కళ్లముందే విరిగిపోయాయి. అమ్మీ అని ఉర్దూలో టైప్ చేశా. హర్ఫులు కలవలేదు. అలిఫ్ ఎడమన, మీమ్ మధ్యన, యే కుడిన, ఎవరికి వారే ఖఫా అయినట్టు నిలబడ్డాయి. సరే అని తెలుగులో అమ్మ అని కొట్టా. ఒత్తు ఊడి పక్కకు వచ్చింది. పక్క సీటు పిల్లాడు ఇంగ్లీషులో "మదర్" అని కొట్టి, రంగు వేసి, నీడ పెట్టి, చాయ్‌కి పోయాడు. నేను గంటసేపు అమ్మను కలుపుతూ కూర్చున్నా. తర్వాత మేడమ్ చూపించింది. సెట్టింగుల లోపల మధ్యప్రాచ్య, దక్షిణాసియా లిపుల కోసం వేరే కంపోజర్ ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే హర్ఫులు కలుస్తాయి, ఒత్తులు కిందికి పోతాయి. మన లిపులకు జగా ఉంది, కానీ వెతికి అడిగితేనే ఇస్తారు.

తర్వాత పెన్ టూల్. పేరుకే పెన్. సిరా లేదు, ఒత్తిడి లేదు. ఒక చుక్క పెట్టాలి, ఇంకో చుక్క పెట్టాలి, చుక్కకు పుట్టే రెండు పిడులను లాగితే మధ్యలో గీత వంగుతుంది. దీన్ని బెజియే వంపు అంటారు. 1960ల్లో రెనో కార్ల కంపెనీలో పనిచేసిన పియర్ బెజియే అనే ఫ్రెంచి ఇంజనీరు కార్ల బాడీ వంపుల కోసం వాడి, ప్రచారంలోకి తెచ్చిన లెక్క అది. కార్ల కోసం పుట్టిన గీతతో ఈ రోజు అలిఫ్ కూడా గీస్తున్నాం, అకారమూ గీస్తున్నాం.

థియరీ క్లాసంటే మొదట భయపడ్డా. బౌహౌస్ గురించి చెప్పారు. 1919లో జర్మనీలో మొదలైన స్కూలు, 1933లో నాజీల జమానాలో మూతపడింది. అక్కడి హెర్బర్ట్ బేయర్ 1925లో వృత్తాలు, గీతలతో ఒక అక్షరమాల తయారుచేశాడు. "అక్షరానికి ఒక కొలత, ఒక జామెట్రీ ఉండాలన్న ఆలోచన" అని మేడమ్ తెర మీద చూపిస్తుంటే నాకు చెయ్యెత్తాలనిపించింది. ఎత్తాను.

"మేడమ్, మా దగ్గర అలిఫ్‌ను నుఖ్తాలతో కొలుస్తారు. ఖలం మొనతో ఒక చుక్క పెడితే అదొక ఖత్. నస్తాలీఖ్‌లో అలిఫ్ మూడు ఖత్‌ల ఎత్తు. పదో శతాబ్దంలో బగ్దాద్‌లో ఇబ్నె ముఖ్లా అనే వజీర్ చుక్క, అలిఫ్, వృత్తం, ఈ మూడింటితో హర్ఫులన్నిటికీ కొలతలు పెట్టాడు."

క్లాసు మొత్తం నావైపు తిరిగింది. మేడమ్ నన్ను బోర్డు దగ్గరికి పిలిచి గీసి చూపించమంది. మార్కర్ మొనను ఏటవాలుగా పట్టుకుని చుక్క మీద చుక్క, మూడు చుక్కలు పెట్టి పక్కన అలిఫ్ గీశా. చేయి వణికింది. అబ్బా చిన్నప్పుడు తఖ్తీకి ముల్తానీ మట్టి పూసి ఇచ్చి కూర్చోబెడితే పారిపోయినవాణ్ని నేను. ఆ మూడు చుక్కలొక్కటే గుర్తున్నాయి.

ఆ రోజే ఇంకో పాఠం: అక్షరం ఎంత ముఖ్యమో దాని చుట్టూ ఉన్న ఖాళీ కూడా అంతే ముఖ్యం. ఇదీ అబ్బా మాటే. "సఫేదీ భీ హర్ఫ్ హై" అనేవారు. చిన్నప్పుడు కాగితం మిగుల్చుకోవడానికి చెప్తున్నారనుకున్నా.

అన్నీ సులువుగా కలిసిపోలేదు. మనిషి బొమ్మ గీయమన్న వారం నా దిల్ ఒప్పుకోలేదు. తస్వీర్ విషయంలో ఉలమాల మధ్య ఇఖ్తెలాఫ్ ఉంది, తెలుసు. పత్రికలో రోజూ ఫోటోలు పెట్టేవాణ్నే, అదీ తెలుసు. అయినా చేయి కదల్లేదు. మేడమ్‌కు చెప్తే, "మనుషులు ఉన్నారని తెలిసేలా మనుషులు లేకుండా గీయండి సార్" అంది. మస్జిద్ మెట్ల ముందు విడిచిన చెప్పులు గీశాను. ఫజర్ వేళ, పదకొండు జతలు.

ఇప్పుడు అసలు విషయం. అమ్మీ పోయి ఏడాదిన్నర. ఖబర్ దగ్గర కత్బా పెట్టించాలని అబ్బా అనుకున్నారు. ఆయత్‌లేమీ వద్దు, ఎవరి కాలైనా తగలొచ్చు, పేరూ తారీఖూ చాలు అన్నారు. తానే రాస్తానని ఖలం చెక్కుకున్నారు. కానీ చేతులకు రాషా. మూడు రోజులు ప్రయత్నించి, కాగితాలన్నీ మడిచి పక్కన పెట్టేశారు. "కంప్యూటర్‌తోనే చేయించు" అన్నారు. పాతికేళ్లకు పైగా మా ఇంట్లో ఆయన ఆ మాటను మంచిగా పలకడం నేను వినలేదు.

రెడీమేడ్ ఫాంటులున్నాయి. రెండు నిమిషాల పని. నాకు మనసొప్పలేదు. 1994లో మా అక్క షాదీ రుఖ్కాను అబ్బా చేత్తో రాశారు. ఒక్క కాపీ మిగిలింది. అందులో అక్క పేరు చివర "ఖాతూన్" ఉంది. అమ్మీ పేరు చివరా అదే. స్కాన్ చేసి కంప్యూటర్‌కే అప్పగించా, నువ్వే గీత పట్టుకో అని. పట్టుకుంది. లాప్‌టాప్ తీసుకెళ్లి అబ్బా ముందు పెట్టా.

కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు చూశారు. "యే మేరా నూన్ నైఁ హై" అన్నారు.

"మీదే అబ్బా. రుఖ్కాలోంచి తీసిందే."

"నూన్ బైఠా నైఁ బేటా. కూర్చోలేదు. పడిపోతోంది చూడు."

దగ్గరికి జరిపి చూశా. మెషీన్ ఆ ఒక్క నూన్‌కు ముప్పైకి పైగా చుక్కలు పెట్టింది. కాగితం ముడతనూ, సిరా అలుకునూ, అన్నిటినీ నమ్మకంగా పట్టుకుంది. రాసినవాడి చేయి ఎటు తిరిగిందో మాత్రం పట్టుకోలేదు. అన్నీ తీసేసి మళ్లీ మొదలుపెట్టా. మేడమ్ చెప్పింది గుర్తుంది: చుక్కలు తక్కువ పెట్టండి, వంపు ఎక్కడ మలుపు తిరుగుతుందో అక్కడే పెట్టండి. అబ్బా వణికే వేలితో తెర మీద చూపించారు, ఇక్కడ ఖలం పూర్తిగా ఆనుతుంది, ఇక్కడ మొన మీదికి లేస్తుంది. ఆయన చెప్పినచోట పిడి లాగాను. "జ్యాదా. వాపస్." మళ్లీ. "థోడా." మళ్లీ. ఇషా అజాన్ అయ్యేదాకా ఒక్క దాయిరా మీదే ఉన్నాం.

మధ్యలో ఆయనకు ఒక సంగతి చెప్పా. నూరీ నస్తాలీఖ్ చేసిన మిర్జా అహ్మద్ జమీల్ కూడా ఖత్తాతే. వేల తర్సీమేలను ముందు చేత్తోనే రాశాడు. దానికి "నూరీ" అని పేరు పెట్టింది తన వాలిద్ నూర్ అహ్మద్ పేరు మీద, ఆయనా ఖత్తాతే. నా లెక్కలో ఇది పెద్ద ఖబర్. అబ్బా రోజీ తీసుకెళ్లిన మెషీన్ లోపల కూడా ఒక కొడుకు, ఒక తండ్రి ఉన్నారు.

అబ్బా కాసేపు మాట్లాడలేదు. "మాలూమ్ హై," అన్నారు. "మాకు అప్పుడే తెలుసు. అచ్చా కామ్ థా. మా పొట్ట మీద పడింది, అది వేరే బాత్."

చివరికి నూన్‌కు ఐదు చుక్కలు మిగిలాయి, పైన నుఖ్తా విడిగా. "అబ్ బైఠా" అని ఆయన నమాజ్‌కు లేచారు. రాళ్లు చెక్కే అతను ఇప్పుడు మెషీన్ మీదే చెక్కుతాడు, ఫైల్ పంపమన్నాడు. పంపాను. పోయిన జుమా నాడు కత్బా నిలబెట్టాం. అబ్బా ఫాతిహా చదివి, వంగి, ఆ నూన్ మీద వేలు పెట్టి తడిమి చూశారు.

ఇది చదువుతున్నవాళ్లకు ఒక గుజారిష్. మీ ఇళ్లలో, పెట్టెల అడుగున, పాత షాదీ రుఖ్కాలు, దుఆ కాగితాలు, చేత్తో రాసిన తుగ్రాలు ఉంటాయి. చదలు పట్టకముందే వాటిని మంచి వెలుతురులో ఫోటో తీసి పెట్టండి. వెనకాల రాసినవారి పేరు ఎవరికైనా గుర్తుంటే అదీ రాసిపెట్టండి. ఆ రాసినాయన మీ గల్లీలోనే ఇంకా ఉంటే, ఒకసారి వెళ్లి సలాం చెప్పి కూర్చోండి.