అసలు పేరు

మందుల షాపులో నాకు మొదట ఇచ్చింది చీపురు. 1993లో, ఇంటర్లో చేరిన ఏడు, చోడవరంలో ఒక షాపులో సాయంత్రాలు పనికి కుదిరేను. అప్పుడు మాది విశాఖపట్నం జిల్లా, 2022 నుంచీ అనకాపల్లి జిల్లా అయింది. ఊడవడం, అట్టపెట్టెలు మొయ్యడం నా పని. పెట్టె నేను మోసుకొస్తే ఫరవాలేదు గానీ, దాన్లోంచి బిళ్ల తీసి నేను గిరాకీ చేతిలో పెడితే ఊళ్లోవాళ్లు ఏటనుకుంటారోనని షావుకారికి బెంగ. నన్ను "ఒరే పేటా" అని పిలిచేవాడు. మా అమ్మా అయ్యా నాకొక పేరు పెట్టేరన్న సంగతి ఆ షాపులో ఎవరికీ అవసరం పడలేదు.

గల్లాపెట్టె కింద సొరుగులో ఒక పుస్తకం ఉండేది. సిమ్స్ అనేవారు. బజార్లో దొరికే బ్రాండ్లు ధరల్తో సహా వేసిన చిన్నక్షరాల పుస్తకం. కొత్త సంచిక వస్తే పాతది చిత్తుకాయితాల్లోకి పోయేది. అలా పోయినదాన్నొకదాన్ని ఇంటికి పట్టుకుపోయేను. బుడ్డిదీపం దగ్గర డిక్షనరీ పెట్టుకుని ఒక్కో మాటా విప్పుకుంటే ఒక సంగతి తెలిసింది. ఏ మందు తీసుకున్నా ఒకటే వరస. దేనికి వాడాలి, ఎవరికి వాడకూడదు, ఎవరికి జాగర్తగా ఇవ్వాలి, ఏ మందుతో కలిస్తే ప్రమాదం, ఎంత మోతాదు. ఎంత పెద్ద కంపెనీ మందైనా ఆ గడుల్లో నిలబడి జవాబు చెప్పాల్సిందే. షావుకారి గొంతులోనూ డాక్టరు గిలుకుడు రాతలోనూ దాక్కున్నదంతా అక్కడ బట్టబయలుగా ఉంది. మాకు చదువు చెప్పకూడదని వెయ్యేళ్లు ఎందుకు కాపలా కాసేరో నాకు ఆ పుస్తకం దగ్గరే అర్థమయింది.

ప్రతి బ్రాండు పక్కనా దాని అసలు పేరు ఉంటుంది. క్రోసినన్నా కాల్పాలన్నా లోపలున్నది పారాసిటమాలే. పెట్టిన పేరొకటి, పిలిచే పేరొకటి. పేటలో పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

తర్వాత డి.ఫార్మసీ చదివేను, ప్రభుత్వ కొలువులో చేరేను. "రిజర్వేషన్ కాంపౌండరు" అనిపించుకున్నాను. అది పెద్ద కథ, ఇక్కడొద్దు. కొలువులో చేరేక సర్కారు పుస్తకం కోసం ఎతికేను. నేషనల్ ఫార్ములరీ ఆఫ్ ఇండియా మొదటిది 1960లో వచ్చింది, రెండోది 1966లో, మూడోది 1979లో. నాలుగోది 2010 నాటిది. బ్రిటన్లో ఇలాంటి పుస్తకాన్ని 1981 నుంచీ ఏడాదికి రెండుసార్లు తిరగరాస్తుంటే మన ప్రభుత్వానికి ముప్పయ్యొక్క ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో మాలాంటోళ్లకి కంపెనీల ప్రకటనల నడుమ ఇరికించిన ధరల పుస్తకాలే గతి. 2022 నాటి జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవి 384. బజార్లో బ్రాండ్లు వేలకి వేలు. ఈ అడివిలో దారి తెలియాలంటే గడులు గీసిన పుస్తకం ఉండి తీరాలి.

ఇప్పుడదంతా ఫోన్లోకొచ్చింది. బ్రాండు పేరు కొడితే అసలు పేరొస్తుంది, రెండు మందులు పక్కపక్కన పెడితే వాటి మధ్య తగువు చెప్తుంది.

2018లో, గోవాడ ఫ్యాక్టరీ గానుగాడే రోజుల్లో, మా పిన్ని వరసావిడ నా దగ్గరకొచ్చింది. చెరకు నరికే మనిషి. కీళ్లవాతం.

"నోరంతా పుండైపోనాది నాయినా. గెంజి కూడా దిగట్నేదు," అంది.

కొంగుముడిలోంచి బిళ్లల కవరు తీసింది. మెథోట్రెక్సేట్. డాక్టరు చీటీలో వారానికొకసారని ఇంగ్లీషులో ఉంది. షాపువాడు కవరు మీద రోజుకొకటని గీత గీసి ఇచ్చేడు. ఆరు రోజులు మింగేసింది.

ఆ షాపుకెళ్లేను. "నువ్వు డాక్టరువేటి?" అన్నాడు. నాకు డిప్లొమా ఉంది, కొలువుంది, అయినా ఆడికి కనిపించేది నా పేటే. నేను మాట పెంచకుండా ఫోను బల్ల మీద పెట్టి ఆ పేజీ చూపించేను. కీళ్లవాతానికి వారంలో ఒక్కసారే. రోజూ వేసుకుని చనిపోయినవాళ్లున్నారు. నోటి పుళ్లు విషమెక్కుతోందనడానికి గుర్తు. విరుగుడు ఫోలినిక్ యాసిడ్. ఆడు రెండుసార్లు చదివేడు. తర్వాత ఆడే 108కి ఫోన్ చేసేడు. నా నోటిమాటగా చెప్తే చెల్లనిది అద్దం మీద కనిపిస్తే చెల్లింది. ఆ సంగతి నాకు కోపమే గానీ, ఆ పూట ఆవిడ ప్రాణం ముందు.

విశాఖలో పన్నెండు రోజులుంచేరు. రక్తకణాలు పడిపోయేయి, మళ్లీ లేచేయి. బతికొచ్చింది.

ఆర్నెల్ల తర్వాత డాక్టరుగారు కనిపెట్టుకుంటూ మళ్లీ అదే మందు మొదలెట్టేరు. అప్పుడు నాకు ఫోన్లో లేని గడి ఒకటి కావాల్సొచ్చింది. చెరకు నరికేవాళ్లకి ఆదివారం లేదు, సోమవారం లేదు. "సంతరోజు రేత్రి ఒక్కటే మింగు పిన్నీ. మళ్లీ సంత వరకూ ముట్టుకోకు," అన్నాను. ఏ ఇంగ్లీషు పేజీలోనూ సంత ఉండదు. అలాగే "భోజనం తర్వాత" అని రాసుంటుంది. గ్లిబెన్క్లమైడ్ మింగి కూడు లేకపోతే చక్కెర పడిపోయి మనిషి తూలిపోతాడు. తెల్లారి నాలుక్కే పన్లోకెళ్లి పదకొండుకి గంజి తాగేవాడి భోజనం ఎప్పుడని లెక్క? వయసుకి గడి ఉంది, బరువుకి ఉంది, గర్భానికి ఉంది, మూత్రపిండాలకి ఉంది. కూలికి లేదు. అది మనమే అడిగి రాసుకోవాలి. నేనొక నోటుబుక్కు పెట్టేను. ఎవరు ఏ మందు మీదున్నారు, ఏ పూట తింటారు, తెలుగులో.

ఇంకో తిరకాసు. బిళ్లలు విడిగా నాలుగు కత్తిరించి ఇస్తే పేరూ గడువూ షాపులోనే ఉండిపోతాయి. పేరు లేని ముక్క తెస్తే నేను ఫోన్లో ఏం కొట్టను? తెల్లబిళ్ల అనా? అందుకని పేటలో ఆడోళ్లందరికీ చెప్పేను, పేరున్న ముక్కే అడగండని.

మొన్న ఒక షాపు కుర్రాడు నాతో విసుక్కున్నాడు.

"మీ పేటోళ్లతో పడలేకపోతున్నాం సార్. చదువురాదు గానీ ఒక్కొక్కరూ అట్ట తిరగేసి, పేరేదీ అంటున్నారు."

"ఇస్తున్నావా?" అని అడిగేను.

"ఇవ్వక ఏం చేస్తాను, కదలరు కదా!"