గాలికి తలుపు వేయలేం

వానలు వెనకబట్టాక హైదరాబాద్ శివారు కాలనీల్లో ఖాళీ ప్లాట్లన్నీ తెల్లగా పూస్తాయి. ఆ రోజుల్లోనే కొన్ని ఇళ్లలో తుమ్ములు మొదలవుతాయి. పిల్లవాడు పొద్దున లేస్తూనే వరసగా తుమ్ముతాడు. ముక్కు నీళ్లలా కారుతుంది, కళ్లు ఎర్రబడతాయి, అరచేత్తో ముక్కును పైకి రుద్దుకుంటూనే ఉంటాడు. మనం వాడి మీద పడతాం: చన్నీళ్లు తాగావు, ఐస్‌క్రీం తిన్నావు, తల తుడుచుకోలేదు! జ్వరం లేదు, ఒళ్లునొప్పులు లేవు, వారాలు గడిచినా తగ్గదు, ఒకటే దురద. ఇన్ని గుర్తులున్నా జలుబనే అంటాం. చేయని తప్పుకు బిడ్డ తిట్లు తింటాడు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది అదే.

తప్పు ఆ తెల్లపూలది. వయ్యారిభామ అంటాం, కాంగ్రెస్ గడ్డి అంటాం. అమెరికా ఖండాల మొక్క. 1950ల మధ్యలో పుణె దగ్గర కంటబడింది, తర్వాత దేశమంతా అల్లుకుంది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. దాని పుప్పొడి గాలిలో తేలి ముక్కులో చేరితే, కొందరి ఒళ్లు దాన్ని శత్రువనుకుని హిస్టమిన్ విడుదల చేస్తుంది. దురద, తుమ్ము, నీరు కారడం దాని పనే. గడ్డిజాతుల పుప్పొడితోనూ, వేసవికి ముందు పూసే నెమలినార చెట్ల పుప్పొడితోనూ ఇదే బాధ. పెరట్లోని గులాబీని అనుమానించనక్కర్లేదు. తేనెటీగల కోసం పూసే పూల పుప్పొడి బరువుగా, జిగటగా ఉంటుంది, గాలిలో అంతగా ఎగరదు.

ఈ సంగతి పిల్లలకు కథలా చెప్పాలి. మాంచెస్టర్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే వైద్యుడికీ ఇదే బాధ. పుప్పొడిని తన మీదే పరీక్షించుకున్నాడు. జిగురు పూసిన గాజు పలకలను గాలిపటాలతో పైకి పంపి, అంత ఎత్తునా పుప్పొడి ఉందని చూశాడు. 1873లో అదంతా పుస్తకంగా రాశాడు. గాలిపటం అనగానే మావాడికి తన ముక్కు మీద సిగ్గు పోయి కుతూహలం పుట్టింది.

కుతూహలం పుట్టిన బిడ్డకు పని అప్పగించవచ్చు. ఆడి రాగానే మొహం, చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. డాక్టరు రాసిన ముక్కు స్ప్రేను కుడి రంధ్రానికి ఎడమచేత్తో, ఎడమ రంధ్రానికి కుడిచేత్తో కొట్టుకోవాలి. అప్పుడు మందు మధ్యగోడకు తగలకుండా పక్కకు పడుతుంది. ఆ మందు పూర్తిగా పట్టడానికి కొన్ని రోజులు కావాలి గనుక, డాక్టరునడిగి పూతకు ముందే మొదలుపెడితే మేలు. పాతరకం జలుబు సిరప్‌లతో మగత వస్తుంది, తరగతిలో కునికితే దానికీ తిట్లే. పిల్లికూతలు, ఆయాసం కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. టీచరుకూ ఒక మాట చెప్పాలి: ఇది అంటుకునే జబ్బు కాదు, మా పిల్లవాణ్ని వేరుగా కూర్చోబెట్టకండి.

ఆట మాన్పించడం అందరికీ మొదట తోచే ఉపాయం. కానీ గాలికి తలుపు వేయలేం, బాల్యానికి వేయకూడదు. ఆ ఖాళీ ప్లాట్లకు దూరంగా ఆడుకోనిద్దాం. తొలివానలకు మొలిచిన వయ్యారిభామను పూతకు రాకముందే, ఎలర్జీ లేని పెద్దలం గ్లౌజులు, మాస్కులు వేసుకుని వేళ్లతో సహా పీకేద్దాం. ఒక్క ఇల్లు పూనుకుంటే చాలదు. తుమ్మే బిడ్డ ఒక ఇంటివాడే అయినా, వాడు పీల్చే గాలి వీధి మొత్తానిది.