మేనమామగారి కంటెస్సా

కంటెస్సా యను కారును నేడు మన పాఠశాల విద్యార్థులలో నూటికి నలుగురైన జూచియుందురో లేదో యని మా సందేహము. వారి తల్లిదండ్రులు మాత్ర మెఱుగుదురు. కలకత్తా చేరువనున్న ఉత్తరపాడాలో హిందూస్థాన్ మోటార్సు కంపెనీవారు 1984లో దానిని వెలువరించిరి. 2002లో దాని నిర్మాణము నిలిచిపోయెను. ఆకారము వారు కల్పించినది గాదు. ఇంగ్లండులో వాక్సాల్ కంపెనీవారు 1970వ దశకమున జేసిన విక్టరు కారే దీనికి మాతృక. పొడవైన ముక్కు, బల్లపరుపు బానెట్టు, వెడల్పైన భుజములు. అమెరికాలో 1964 నాటి పాంటియాక్ జీటీవో మొదలు మజిల్ కార్లని పేరొందిన బలిష్ఠపు బండ్ల పోలిక కొంత యుండుటచే, నేటి యువకులు దీనిని భారతదేశపు మజిల్ కారని ముద్దుగా బిలుచుచున్నారు. అయితే మొదటి కంటెస్సాలలో నుండినది అంబాసిడరునందలి 1489 సీసీల యంత్రమే. దాని బలము సుమారు 50 అశ్వశక్తి. కండలు కోటులో నుండెనేగాని కోటు తొడిగినవానికి లేకుండెను. జపాను దేశపు ఇసుజు కంపెనీవారి 1.8 లీటరుల యంత్రము వచ్చిన పిమ్మటగాని ఆ కోటునకు దగిన మనిషి దొరకలేదు.

మా మేనమామగారి కారు ఈ ఇసుజు యంత్రము గలది. ఆయన వైద్యులు. 1997లో ఒక వ్యాపారి వాడి విడిచిన దానిని గొని, పదునాలుగేండ్లు నడిపిరి. సిద్దిపేటకు రైలు 2023లో గాని రాలేదని విద్యార్థు లెఱుగుదురు. 108 బండ్లు ఊరూరికి బోవుట మొదలిడకముందు, అర్ధరాత్రివేళ ప్రసవము కష్టమైన స్త్రీని నూరు కిలోమీటర్ల దూరమందలి సికింద్రాబాదునకు జేర్చుటకు ఆ కారు వెనుక సీటే ఆధారమైన దినములు పెక్కులు గలవు. గమ్యము చేరకమున్నే ఆ సీటుపై బుట్టినవా రిద్దరు. 2011లో మామగారు ప్రభువునందు నిద్రించిరి. కారును ఇంటి వెనుక వేపచెట్టు క్రింద నిలిపిరి. అచ్చటనే అది పండ్రెండు వానకాలములను జూచెను.

దాని నేమి చేయవలెనను ప్రశ్న వచ్చినప్పుడు ముగ్గురు మూడు మాట లాడిరి. పాతయినుపసామాను కొనువాడు తూకపు ధర చెప్పెను. రంగులు వేయువా డొకడు వచ్చి, చుట్టు దిరిగి చూచి, పదునైదు దినములలో అద్దమువలె జేసి యిత్తునని, చిల్లులున్నచోట్ల లప్పము నింపి రుద్దినచో బ్రహ్మకును దెలియదని పలికెను. డెబ్బదినాలుగేండ్ల మా అత్తగారు మాత్రము, "నాయనా, ఒక్క క్రిస్మసుకన్న మీ మామ కారుల మెదక్ గుడికి పోవాలె" అనిరి. 1924వ సంవత్సరము క్రిస్మసు దినముననే ప్రతిష్ఠింపబడిన ఆ గుడికి బోవుట మా కుటుంబమున నేటేట జరుగునదే. కాని మామగారు పోయినది మొదలు ఆమె బస్సులోనే పోవుచున్నది.

ఆ మాట వినిన తరువాత రంగులవాని ఉపాయము మాకు సహింపలేదు. తల్లివంటి మనిషి కూర్చుండు నేలను లప్పముతో గట్టి పైని రంగు పూయుట యెట్లు? సున్నము కొట్టిన సమాధులను గూర్చి సువార్తలో జదువుకొనినవారికి దీనిని విప్పి చెప్ప నక్కఱలేదు.

లారీకి, పాత జీపునకు అడుగున బలమైన ఇనుపచట్ర ముండును; పైకట్టడము దానిమీద గూర్చుండును. కంటెస్సాకు అట్టి చట్రము లేదు. నేల, దూలములు, కప్పు, స్తంభములు అన్నియు పలుచని రేకుతో మడిచి అతికిన ఒక్క పెట్టె. కోడిగ్రుడ్డు పెంకు వలె ఆ పెట్టె ఆకారమే దాని బలము. కావున నేల పుచ్చిపోవుట యనగా కారు వెన్నెముక పుచ్చిపోవుటయే. తలుపుల క్రిందుగా ముందుచక్రము నుండి వెనుకచక్రము వఱకు సాగు డొల్లదూలము మఱింత ముఖ్యమైనది. పైకి చూడ దానిపై నాణెమంత పొక్కులు నాలుగైదు మాత్రమే యుండెను. పరీక్షకై దాని క్రింద జాకీ పెట్టి త్రిప్పితిమి. జాకీ లేచెను, కారు లేవలేదు. కరకరమను చప్పుడుతో జాకీ తల దూలములోనికి జొచ్చుకొనిపోయెను. ముందుసీటును నేలకు బిగించు బోల్టులలో రెండింటిని చేతితో లాగగా చుట్టునున్న రేకుతో గూడ ఊడివచ్చినవి. వేగముగా బోవుచు బ్రేకు వేసినచో ఆ సీటు, సీటులోని మనిషి ఏమగుదురో చదువరులే యూహింపగలరు.

మా సహాయమునకు వచ్చిన టింకరు మేస్త్రి అఱువదేండ్లు దాటిన ముసల్మాను. ఊరందఱితోబాటు మేమును ఆయనను చాచా యనియే పిలుతుము. ఆయన సుత్తిపిడితో నేలంతయు తట్టుచు పోయెను. మంచిరేకు ఖణేలుమనెను, చెడ్డచోట బొదబొదమనెను. చివరకు లేచి, "సారూ, ఇది రేకు గాదు, అప్పడం" అని నవ్వెను.

సముద్రము దగ్గఱ లేని మన మెట్టదేశమున ఇంత త్రుప్పేల పట్టెను? ఇనుము త్రుప్పుపట్టుటకు నీరు, ప్రాణవాయువు రెండును గావలెను. కురిసి వెలిసిన వాన యంతగా చెఱుపు చేయదు. నిలిచిన తేమయే చెఱుపు. ముందుటద్దము చుట్టునున్న రబ్బరు పగిలి, నీరు బొట్టుబొట్టుగా లోనికి జాఱి, నేలపై పఱచిన గోనెనారపట్టాలలో నిలిచెను. ఆ పట్టా వేసవిలో గాని యారదు. డొల్లదూలమునకు అడుగున నీరు పోవుటకై రంధ్రములు విడిచియుందురు. వేపాకులు, మట్టి చేరి అవి మూసుకొనిపోయెను. త్రుప్పు తాను పుట్టిన యినుముకన్న రెండింతలకు మించిన చో టాక్రమించును గనుక, క్రిందినుండి రంగును బొక్కించి పగులగొట్టును. ఆ పగులునుండి మఱికొంత నీరు దిగును. అల్యూమినియముపై గట్టిన పొర లోపలిలోహమును గాపాడును. ఇనుపత్రుప్పు గుల్లయై పెచ్చులూడుచు లోపలి యినుమును మరల గాలికి జూపును.

అన్ని యినుములును అట్టివి గావు. ఢిల్లీలోని లోహస్తంభము సుమారు 1600 ఏండ్లుగా ఎండవానలలో నిలిచియున్నది. అందలి యినుములో భాస్వరము మెండుగా నుండుటచే ఉపరితలమున రక్షకమగు పొర యేర్పడినదని కాన్పూరు ఐఐటీకి చెందిన బాలసుబ్రహ్మణ్యము గారు పరిశోధించి తెలిపిరి. అంతదూర మేల? మన నిజామాబాదు జిల్లా కోనసముద్రమున పూర్వము మూసలలో గరగించిన ఉక్కును కొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండిరి. డమాస్కసు కత్తులకు పేరు తెచ్చిన ఉక్కు ఆ జాతిదే. అట్టి గడ్డపై నున్న మనము వేపచెట్టు క్రింద కారును పుచ్చిపోనిచ్చితిమని చాచా మమ్ము పలుమారు ఎత్తిపొడిచెను. ఆయన తాతలు కత్తులకు సానపట్టినవారట.

పని మా పెరటిరేకులషెడ్డులో మొదలిడితిమి. మొట్టమొదట బ్యాటరీని, పెట్రోలుట్యాంకును విప్పి దూరముగా నుంచితిమి. ఖాళీట్యాంకు నిండుట్యాంకుకన్న ప్రమాదకరము. అందలి యావిరికి ఒక్క నిప్పురవ్వ చాలును. పిమ్మట అద్దములు, సీట్లు, పట్టాలు దీసివేసితిమి. తలుపులు విప్పి, ఆ ఖాళీలలో ఇనుపగొట్టములను అడ్డముగ బిగించితిమి. ఇది చేయక దూలమును గోసినవారి కారు నడుమువిఱిగి క్రుంగును. తరువాత తలుపులు జన్మలో మూతపడవు. తలుపు ద్వారముల మూలనుండి మూలకు కొలతలు దీసి గోడపై బొగ్గుతో వ్రాసియుంచితిమి. ఇద్దరు పదవతరగతి బాలురు ప్రతి శనివారము ఆ కొలతలను సరిచూచుట తమ హక్కుగా జేసికొనిరి. రేఖాగణితమున కర్ణము లేల సమానముగ నుండవలెనో వారి కిక చెప్పవలసిన పని లేదు. గ్రైండరు దగ్గఱకు మాత్రము వారిని రానీయలేదు. కంటి అద్దములు లేనివానిని షెడ్డులోనికే రానీయలేదు.

పుచ్చినదానిని కోయునప్పుడు మంచిరేకు కనబడు వఱకు గోయవలెను. అఱచేయంత యనుకొనినది పీటంత యగును. మేము నేలలో సగము, ఇరుదూలములు, వెనుక మడ్‌గార్డుల లోపలి యంచులు, డిక్కీలో అదనపుచక్రముండు గుంట తీసివేయవలసివచ్చెను. నేలకు 20 గేజి, దూలములకు 18 గేజి చల్లరేకు తెచ్చితిమి. జింకుపూత రేకు త్రుప్పునకు మంచిదే గాని, దానిని పూతతోనే వెల్డింగు చేసినచో లేచు తెల్లనిపొగ పీల్చినవానికి ఆ రాత్రి జ్వరము వచ్చును. క్రొత్తనేలకు చదునైన రేకు పనికిరాదు. అది తప్పెటవలె మ్రోగును, అడుగు వేసిన క్రుంగును. కంపెనీవారు దానికి పొడవుగా గట్లు నొక్కియుందురు. మాకు వారి యంత్రములు లేవు. చాచా ఒక తుమ్మమొద్దులో గాడి చెక్కించి, రేకును దానిపై నుంచి, గుండ్రని సుత్తితో వేలెడు వేలెడు కొట్టుచు గట్టు దీసెను. ఒక్కొక గట్టునకు రెండు గంటలు. ఆ చప్పుడునకు ఇరుగుపొరుగువారు మమ్ము క్షమించిరని తలంచెదము.

వెల్డింగున చాచాకు, మాకు వాదము వచ్చెను. ఆయన నలువదేండ్లు గ్యాసువెల్డింగు చేసినవాడు. పలుచనిరేకు ఎక్కువ వేడికి సాగి అలలుదేరునని, కార్బన్ డయాక్సైడు గ్యాసుతో సన్నని తీగ నిచ్చు యంత్రమును అద్దెకు దెత్తమని మేమంటిమి. రెండు ముక్కలపై రెండు విధముల చేసి చూచితిమి. చాచా తన ముక్కను వెలుతురున కెత్తి, కంటిదగ్గఱ పెట్టి చూచి, మాఱుమాటాడక యంత్రము పట్టుకొనెను. వారము తిరుగక మాకన్న బాగుగ చేసెను. అంగుళమున కొక చుక్క. ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి. చల్లారినదాక నాగి మరల ఒకటి. తొందరపడినవానికి ఈ పని లొంగదు.

త్రుప్పు మరకమాత్రముగా నున్నచోట్ల కోయలేదు. తీగబ్రష్షుతో గీరి ఫాస్ఫారికామ్లము పూసితిమి. అది త్రుప్పును నల్లని ఫాస్ఫేటుపొరగా మార్చును. ఢిల్లీ స్తంభమును గాపాడినదియు ఇట్టి ఫాస్ఫేటుపొరయే. మిగిలిన ఆమ్లమును కడిగి, ఆరబెట్టి, ఎపాక్సీ ప్రైమరు వేసితిమి. ఇక దూలముల లోపల గన్ను దూరదు గనుక, పొడవైన గొట్టముతో కరగిన మైనము చిమ్మితిమి. అడుగురంధ్రములను విడిచితిమా లేదాయని బాలు రిద్దరును సైకిలుపుల్లతో ఒక్కొక్కటి పొడిచి చూచిరి.

ఇంతవఱకు పదునాలుగు నెలలు, ఎనుబదివేల రూపాయలకు పైగా పట్టెను. ఆ ధనముతో నడుచుచున్న చిన్నకారు పాతది దొరకునని మా యింట పలుమా రనిరి. ఆ లెక్క తప్పు గాదు. నడుమ నాలుగు నెలలు సొమ్ము లేక పని నిలిచెను. ఆ నాలుగు నెలలలో ఆ యినుపసామానువాడు రెండుసారులు గేటు దగ్గఱకు వచ్చి పోయెను. అత్తగారు ఏమియు ననలేదు. ఒకదినము తన రెండు గాజులు రుమాలులో కట్టి తెచ్చి మా ముందుంచిరి. వానిని త్రిప్పి పంపి, బ్యాంకు లాకరులో నుంచుడని చెప్పి, మరునాడు మేము సహకార సంఘమున అప్పు దీసికొంటిమి.

ఎడమప్రక్క వెనుకతలుపున ఒక సొట్ట గలదు. దానిని చాచా అరగంటలో తీసియుండును. డాలీ చేత బట్టుకొని లోపల జేయి పెట్టుచుండగా అత్తగారు వచ్చి యాపిరి. దుద్దెడ దగ్గఱ ఒక రాత్రి బఱ్ఱె యెదురై తగిలిన సొట్ట యది. నాడు లోపలనున్న స్త్రీని సమయమునకే చేర్చిరట. "అది ఉండనియ్యి చాచా" అనిరి. ఆయన డాలీని సంచిలో బెట్టుకొనెను. మా కొలతలు దానికి వర్తింపవని బాలురకు జెప్పితిమి.

రిజిస్ట్రేషను గడువు ఎన్నడో తీరినది. పదునైదేండ్లు దాటిన సొంతకారునకు పరీక్ష చేయించి అయిదేండ్లకు పొడిగింపు పొందవలెను. 2021లో ఏబదియేండ్లు నిండిన బండ్లకై ప్రత్యేకనియమములు వచ్చినవి గాని, కంటెస్సాలలో మొదటిదానికైన ఆ వయస్సు 2034లో గాని రాదు. కాబట్టి బ్రేకులు, దీపములు, పొగ అన్నియు మామూలుకారు వలెనే నెగ్గవలెను. బ్రేకుగొట్టములు క్రొత్తవి వేయించితిమి. యంత్రము రెండవ ప్రయత్నముననే పలికెను.

రంగు మాత్ర మింకను వేయలేదు. తేమగాలిలో వేసిన రంగు తెల్లబాఱును, వానలు వెనుకబట్టవలెను. పైగా ఆ రంగుల పొగకు మామూలు గుడ్డముసుగు చాలదు, తగిన ముసుగు హైదరాబాదునుండి తెప్పించితిమి. అంతవఱకు కారు బూడిదరంగు ప్రైమరుతో షెడ్డులో నున్నది. తలుపులు నాలుగును ఒక్కొక్క చప్పుడుతోనే మూతపడుచున్నవి. తెలుపా, మామగారు మొదట గొన్ననాటి లేతనీలమా యని అత్తగారు ఇంకను నిర్ణయింపలేదు.